ఇంటింటి ఆరోగ్యం: వెన్నుపూసల వైద్యుడు

వేరుసెనగ పీకే రోజులు వచ్చాయంటే పావగడ తాలూకాలో నడుము పట్టని ఇల్లు వుండదు. పొద్దు పొడవక ముందే చేలోకి దిగి, వంగిన నడుము ఎత్తకుండా సాలు వెంట సాలు పీకుతూ పోయే ఆడవారికి సాయంత్రం మళ్ళీ వంటింట్లో వంగాలంటే ప్రాణాల మీదికి వస్తుంది. వై. ఎన్. హొసకోటెలో పట్టుచీరలు నేసే మగ్గాలవారిదీ అదే బాధ. గుంటలో కాళ్ళుంచి గంటల తరబడి ముందుకు వంగి కూర్చునేవాని మెడా, నడుమూ నలభై యేళ్ళకే యెలా తయారవుతాయో వేరే చెప్పనక్కరలేదు. బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చునే మన పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు చూడండి; తాతా, మనుమడూ ఒక్కలాగే నడుము మీద చెయ్యి వేసుకొని లేస్తారు.

అందువల్లనే కాబోలు, ఈ మధ్య కలిసినవారల్లా ఒకే సంగతి అడుగుతున్నారు. కైరోప్రాక్టరు అనే ఆయన యెవరు? ఆయన వెన్నెముక మీద చేతులుంచి ఒక్క తోపు తోస్తే "టక్" మని శబ్దం వస్తుందట, నొప్పి అక్కడికక్కడే పోతుందట, అది నిజమేనా? ఫోనుల్లో ఆ వీడియోలు చూడనివారు లేరు. తువ్వాలు గడ్డానికి వేసి మెడను లాగడం, రోగి కెవ్వుమనడం, మరుక్షణం నవ్వుతూ లేచి కూర్చోవడం, అంతా ఒక నిమిషంలో అయిపోతుంది. నొప్పితో వున్నవారికి అది చూస్తే ఆశ పుట్టడం సహజమే.

చేతితో యెముకలను, కండరాలను సవరించడం మనకు కొత్త విద్య కాదు. సుశ్రుతుడు విరిగిన యెముకలకూ, తొలగిన కీళ్ళకూ చేయవలసిన చికిత్సను ఒక అధ్యాయంగా రాశాడు. రోగి కదలకుండా పలక మీద మేకుల నడుమ పడుకోబెట్టే కపాటశయనమనే పద్ధతి కూడా అందులో వున్నది. తిరుపతి నుండి చెన్నపట్నం పోయే దారిలోని పుత్తూరు పేరు చెప్పగానే మన పెద్దలకు కట్టు గుర్తుకు వస్తుంది. అక్కడి రాజుల కుటుంబంవారు తరతరాలుగా ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో కట్లు కడుతున్నారు. పావగడ నుండి బండి కట్టుకొనీ, బస్సులు మారీ అక్కడికి వెళ్ళివచ్చిన కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు.

ఇక పల్లెల్లో మరొక వైద్యుడున్నాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు. నడుము పట్టినవారు బోర్లా పడుకుంటే ఆయన వచ్చి కాలితో మెల్లగా తొక్కుతాడు. రూపాయి పుచ్చుకోడు, కాఫీ ఇస్తే తాగి వెళతాడు. నాలుగు రోజులకు నడుము సర్దుకుంటుంది. నయం చేసింది కాలో, కాలమో తేల్చడం మాత్రం కష్టం. యెందుకంటే, బరువెత్తినప్పుడో, వంగినప్పుడో హఠాత్తుగా పట్టిన నడుమునొప్పి యేమీ చేయకపోయినా చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే నడుమునొప్పి వైద్యుల ప్రకటనలు సగం అర్థమైనట్టే.

కైరోప్రాక్టిక్కు అనే విద్య అమెరికాలో పుట్టినది. దానికి మూలపురుషుడు డేనియల్ డేవిడ్ పామరు. 1845లో కెనడాలో పుట్టి, అమెరికాకు వలస వచ్చి, బడిపంతులు పని చేసి, తేనెటీగలు పెంచి, అంగడి నడిపి, చివరకు అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్టు పట్టణంలో అయస్కాంత చికిత్స అని చెప్పి చేతులతో రుద్ది నయం చేస్తానని కూర్చున్నాడు. ఆయన వున్న భవనంలో ఊడ్చే పని చేసే హార్వీ లిల్లార్డు అనే నీగ్రో జాతి పనివాడు 17 యేళ్ళుగా చెవిటివాడట. 1895 సెప్టెంబరు 18న పామరు అతని వీపు మీద ఉబ్బి వున్న ఒక వెన్నుపూసను తోసి సరిచేయగానే వినికిడి వచ్చిందని పామరు రాసుకొన్నాడు. లిల్లార్డు కూతురు తరువాత చెప్పిన కథ వేరు: తన తండ్రి చెప్పిన హాస్యానికి నవ్వి పామరు ఆయన వీపు మీద పుస్తకంతో చరిచాడనీ, ఆ తరువాత వినికిడి మెరుగైందనీ ఆమె చెప్పింది. యేది నిజమైనా, చెవి నరం మెదడు నుండి సూటిగా చెవికి పోతుందే గాని వెన్నుపూసల మధ్య నుండి పోదు. అనగా ఈ విద్యకు మొదటి కథే కొంచెం తిరకాసు కథ.

పామరు అంతటితో ఆగక, దాదాపు రోగాలన్నిటికీ మూలం వెన్నుపూసలు తొలగి నరాలను నొక్కడమే అన్నాడు. చేయి, పని అని అర్థమిచ్చే గ్రీకు మాటలు కలిపి ఒక పాదిరీ స్నేహితుడు ఆ విద్యకు పేరు పెట్టాడు. 1897లో పాఠశాల వెలిసింది. అనుమతి లేకుండా వైద్యం చేశాడని 1906లో పామరును జైలులో పెట్టారు. 1913లో ఆయన పోయాడు. అమెరికా వైద్య సంఘంవారు ఈ విద్యవారితో తమ డాక్టర్లు కలిసి పనిచేయరాదని చాలాకాలం కట్టడి చేశారు. ఆ కట్టడి మీద కొందరు కైరోప్రాక్టర్లు 1976లో దావా వేయగా, 1987లో న్యాయస్థానం వైద్య సంఘం చేసింది తప్పని తీర్పు చెప్పింది. నేడు అక్కడ కైరోప్రాక్టరు కావాలంటే కళాశాలలో ముందటి చదువు ముగించి, ఆపైన కనీసం 4,200 గంటల శిక్షణ పొంది, పరీక్ష ప్యాసై, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. వారిలోనూ అన్ని రోగాలూ వెన్నులోనే వున్నాయనే పాతకాలంవారు కొందరు వున్నారు. నడుము, మెడ, కీళ్ళ నొప్పులకే పరిమితమై వ్యాయామం కూడా నేర్పేవారు మరికొందరు. ఈ రెండవ తెగవారితోనే మనకు పని.

మన దేశంలో డాక్టర్లకూ, దంతవైద్యులకూ వున్నట్టుగా ఈ విద్యకు ప్రత్యేకమైన చట్టం లేదు. కనుక బోర్డు మీద ఆ పేరు రాసుకొన్నవారిలో విదేశంలో నాలుగైదేళ్ళు చదివి వచ్చినవారూ వుంటారు, ఫిజియోథెరపీ పట్టం మీద దీన్ని అదనంగా నేర్చుకొన్నవారూ వుంటారు, నాలుగు రోజుల శిబిరంలో కూర్చుని వీడియోలు చూసి చెయ్యి తిప్పడం నేర్చినవారూ వుంటారు. ముగ్గురూ తెల్లకోటే వేసుకుంటారు. అందువల్ల మొదటి రోజున "అయ్యా, తమరు యెక్కడ చదివారు, యెన్నేళ్ళు చదివారు?" అని అడగడంలో అమర్యాద యేమీ లేదు. సంబంధం కలుపుకొనేటప్పుడు మూడు తరాల ముచ్చట తీసే మనం, మెడ చేతికిచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగడానికి మొగమాటపడడం విడ్డూరం.

చదువుకొన్న కైరోప్రాక్టరు మొదటి రోజున వెంటనే మంచం యెక్కించడు. నొప్పి యెప్పుడు మొదలైంది, కాలిలోకి దిగుతుందా, తిమ్మిరి వుందా, రాత్రి నిద్ర లేపుతుందా అని అడుగుతాడు. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూస్తాడు. కాలి బొటనవేలు పైకెత్తమంటాడు. దూదితో చర్మం తాకి స్పర్శ తెలుస్తుందా అంటాడు. అవసరమైతే ఎక్స్‌రే తీయించమంటాడు. ఆ తరువాతనే చేయి వేస్తాడు. ఆ తోపులో వచ్చే శబ్దం యెముక "స్థానంలో పడిన" శబ్దం కాదు. కీలులో వుండే జిగురు ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గి గాలిబుడగ యేర్పడడం వల్ల వచ్చేది. మనం వేళ్ళు మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. డోనాల్డ్ ఉంగరు అనే అమెరికా డాక్టరు మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని తల్లి కోప్పడితే, అదేమిటో చూద్దామని 60 యేళ్ళకు పైగా యెడమ చేతి మెటికలే విరిచి, కుడి చేతిని వదిలిపెట్టి, రెండింటికీ భేదం లేదని చూపాడు. దానికి 2009లో ఆయనకు హాస్యపు నోబెల్ బహుమానం కూడా ఇచ్చారు! కాబట్టి శబ్దం యెక్కువ వస్తే గుణం యెక్కువ అనుకోనక్కరలేదు. రాకపోతే డబ్బు దండుగైందనీ అనుకోనక్కరలేదు.

మరి గుణమిస్తుందా? 2017లో అమెరికాలోని వైద్యుల కళాశాలవారు నడుమునొప్పికి ఇచ్చిన సలహాలలో, మాత్రల కంటె ముందు కాపడం, మర్దన, వెన్ను సవరణ వంటివి చూడవచ్చునన్నారు. అయితే వెన్ను సవరణకు వున్న సాక్ష్యం అంత గట్టిది కాదని కూడా వారే చెప్పారు. ఇంగ్లండు ప్రభుత్వ సంస్థ 2016లో ఇచ్చిన సలహా, వ్యాయామంతో కలిపి చేస్తేనే చేతివైద్యం చేయించుకోవచ్చునని. సారం యేమంటే, మామూలు నడుమునొప్పికి ఇది ఇతర పద్ధతులకు యెక్కువా కాదు, తక్కువా కాదు. చక్కెర వ్యాధి, ఉబ్బసం, రక్తపు పోటు, సంతానలేమి కూడా వెన్ను సవరించి తగ్గిస్తామంటే అక్కడి నుండి చెప్పులు వేసుకొని వచ్చేయడమే మంచిది.

ఇక్కడ మన భాషలోని ఒక చిక్కు చెప్పాలి. మనం అన్నిటినీ నరాలే అంటాము. చేతి మీద ఉబ్బి పచ్చగా కనిపించేదీ నరమే, తిమ్మిరి యెక్కేదీ నరమే, మడమ వెనుక బిగుసుకొనేదీ నరమే. నిజానికి మొదటిది నెత్తురు పోయే సిర. రెండవది మెదడు నుండి వార్త తెచ్చే అసలు నరం. మూడవది కండరాన్ని యెముకకు కట్టే స్నాయువు. "నరం మీద నరం యెక్కింది" అని మన ఇళ్ళలో చెప్పుకొనేది చాలాసార్లు కండరం బిగుసుకొని పట్టివేయడమే. దానికి వేడి కాపడం, కొంచెం నడక, కొంచెం కాలం చాలు. అసలు నరానికి కష్టం వస్తే దాని గుర్తులు వేరు. నొప్పి పిర్ర నుండి తొడ వెనుకగా పిక్క దాటి పాదందాకా గీత గీసినట్టు దిగుతుంది. వేళ్ళలో చీమలు పాకుతాయి. చెప్పు కాలి నుండి జారిపోయినా తెలియదు. గ్లాసు పట్టు తప్పుతుంది. కండరం నొప్పి యెడుస్తుంది, నరం కష్టం మొద్దుబారుతుంది అని మా యింటి పెద్దలు అనేవారు. డాక్టర్లు కూడా కాదనలేని మాట అది.

మెడ విషయంలో నేను కొంచెం కటువుగానే చెబుతాను. మెదడు వెనుక భాగానికి నెత్తురు తీసుకొనిపోయే రెండు ధమనులు మెడపూసల రంధ్రాల గుండా పైకి పోతాయి. మెడను విసురుగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగితే, అక్కడ నెత్తురు గడ్డకట్టి, మెదడుకు పోయి పక్షవాతం తేవచ్చు. ఇది అరుదు, యెంత అరుదు అనేదాని మీద వైద్యులలోనే వాదం వున్నది. కాని వచ్చినవారికి అరుదు అనే మాట వల్ల ఒరిగేదేమీ లేదు. 2022లో హైదరాబాదులో 50 యేళ్ళ ఆవిడ ఒకరు బ్యూటీ పార్లరులో తల కడిగించుకొనేందుకు మెడ వెనక్కు వాల్చి కూర్చుని, తల తిరిగి, వాంతులై ఆసుపత్రి చేరిన వార్త చదివే వుంటారు. తోపు లేకుండా మెడ వాలినందుకే అట్లా అయితే, క్షౌరం ముగిశాక ఉచితంగా చేసే మెడ విరుపును "వద్దు నాయనా" అని చెప్పడం మంచిది కాదా?

ఇంతవరకూ చెప్పింది యే ఊరివారికైనా వర్తిస్తుంది. పావగడవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది నీళ్ళ సంగతి.

మన తాలూకాలో అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు మోతాదు మించి వున్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల వుండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. ఆ హద్దు దాటిన నీరు యేళ్ళ తరబడి తాగితే మొదట పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమరంగు గార గీతలు పడతాయి. తోమితే పోవు. తరువాతి తరువాత అది యెముకల్లో చేరుతుంది. యెముకలు చూడడానికి దిట్టంగానే వుంటాయి. కాని వాటిని కట్టివుంచే బంధనాలు సున్నం పట్టి గట్టిపడతాయి, వెన్ను కర్రలాగ బిగుసుకుపోతుంది, వెన్నుపాము వుండే గొట్టం ఇరుకైపోతుంది. అక్కడి నుండి కాళ్ళలో తిమ్మిరి, నడకలో తడబాటు మొదలవుతాయి.

ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది తెలుగు నేల మీదనే. అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో చూచి 1937లో షార్టు అనే వైద్యుడూ, అతని సహచరులూ దీన్ని గురించి రాశారు. తరువాత 1955లో నల్లగొండ జిల్లాను గురించి సిద్దీకీగారి వ్యాసం వెలువడింది. నల్లగొండ పేరు వినగానే వంకరపోయిన కాళ్ళు తలపుకు వస్తాయి గాని, మన పావగడలో కాళ్ళు తిన్నగానే వుండి వెన్ను మాత్రం బిగుసుకొన్నవారు ఇంటిలోనే వున్నా గుర్తుపట్టము. "వయస్సు వచ్చింది, వాయువు చేరింది" అని వూరుకుంటాము.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తిన్నగా నిలబడి గడ్డం రొమ్ముకు ఆనుతుందేమో చూడండి. మోకాళ్ళు వంచకుండా కిందికి వంగి కాలివేళ్ళు అందుకోగలరేమో చూడండి. రెండు చేతులూ పైకెత్తి తల వెనుక కట్టుకోగలరేమో చూడండి. ఈ మూడూ చేయలేకపోతే అది ఫ్లోరైడేనని చెప్పలేము, వట్టి కీళ్ళవాతం కావచ్చు. కాని అలాటివారు, ముఖ్యంగా చిన్నప్పటినుండి బోరు నీళ్ళు తాగి గారపళ్ళు వున్నవారు, ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించకుండా వెన్ను మీదా, మెడ మీదా యెవరి చేతా తోపు వేయించుకోకూడదు. సున్నం కట్టి ఇరుకైన గొట్టంలో వెన్నుపాము ముందే నలుగుతూ వుంటుంది. అక్కడ విసురుగా తోస్తే తిమ్మిరిగా వున్న కాళ్ళు పడిపోయే ప్రమాదం వున్నది. బెంగుళూరు నుండి వచ్చి బోర్డు కట్టిన వైద్యునికి మన నీళ్ళ సంగతి తెలియకపోవచ్చు. మనమే చెప్పాలి.

వెన్నులో క్షయ కూడా మన వైపు వున్న జబ్బే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట యెక్కువయ్యే నొప్పి, వెన్నులో ఒకచోట గూను లేవడం, ఇవి వుంటే చేతివైద్యం పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కైరోప్రాక్టర్లకిచ్చిన సూచనలలోనే వెన్ను క్షయను నిషిద్ధాలలో చేర్చింది. మల మూత్రాలు తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, రెండు కాళ్ళూ బలహీనపడడం కనిపిస్తే మరునాటికి వాయిదా వేయకుండా పెద్దాసుపత్రికి బయలుదేరవలసిందే. నరాల జబ్బులకు బెంగుళూరులో నిమ్హాన్సు ఆసుపత్రి వున్నది. చర్మం మీద పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ లేకపోవడం, చిటికెనవేలు ముడుచుకుపోవడం కుష్ఠు గుర్తులు. పేరు విని భయపడనక్కరలేదు. ఆరు నెలలో, యేడాదో ఉచితంగా ఇచ్చే మాత్రలతో అది కుదురుతుంది. ఆలస్యం చేస్తే పోయిన నరం మాత్రం తిరిగిరాదు. పావగడలోనే శ్రీ రామకృష్ణ సేవాశ్రమంవారు జపానందస్వామిగారి ఆధ్వర్యంలో ఈ జబ్బు మీద చాలాకాలంగా పని చేస్తున్నారు.

కట్టు కట్టించుకొనేవారికి ఒక్క మాట. యెక్కడ కట్టించుకొన్నా సరే, ఆ రాత్రి వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి భరించలేనంతైనా తెల్లవారేదాకా ఆగకండి. కట్టు విప్పించండి. బిగువు వల్ల నెత్తురు ఆడక కండరాలు చచ్చి, చేయి పక్షి గోరులాగ ముడుచుకుపోయిన పిల్లలు వున్నారు.

మామూలు నడుమునొప్పివారు రెండు రోజులకు మించి మంచం పట్టకుండా లేచి నడవడం మంచిది. సెనగ పీకేవారు గంటకొకసారి లేచి, చేతులు నడుముకు ఆనించి వెనక్కు విరుచుకొని నాలుగడుగులు వేయాలి. మేస్త్రీ యేమన్నా అనుకోనివ్వండి. రాగిసంగటి మానకండి, నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం వున్నది, ఫ్లోరైడు వున్న చోట సున్నం తక్కువైనవారికే కష్టం యెక్కువ.

తుంగభద్ర నీళ్ళు గొట్టాల ద్వారా మన తాలూకాకు తెచ్చే పథకం వచ్చింది. మీ వీధి కొళాయికి వచ్చేది ఆ నీరో, పాత బోరు నీరో పంచాయతీలో అడిగి తెలుసుకోండి. బోరు నీటిని కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. చాలా ఇళ్ళలో బిళ్ళ వేసి తెచ్చుకొన్న ఘటకం నీళ్ళు తాగడానికి మాత్రమే వుంచి, అన్నం, పప్పు, సంగటి, టీ మాత్రం బోరు నీళ్ళతోనే కాస్తున్నారు. అన్నం పీల్చుకొన్నదీ ఆ నీటినే గదా. ఇంకొక బిందె తెచ్చి, వంటకు కూడా ఆ నీళ్ళే వాడండి.